మాక్ డ్రిల్‌లో ఊరి జనం చేయాల్సింది ఏంటి? శ్రీకాకుళం, విజయనగరం తీరం వాళ్లు చెప్పండి

ఉద్దానం గాలి (వజ్రపుకొత్తూరు మండలం)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో మొన్న తుఫాను మాక్ డ్రిల్ జరిగింది. విపత్తు దళం వాళ్లు బోటు, లైఫ్ జాకెట్లు, తాళ్లు తెచ్చారు. చెట్టు కింద ఇరుక్కున్న మనిషిని ఎలా బయటకు తీయాలో, దెబ్బలు తగిలినవాళ్లను స్ట్రెచర్ మీద ఎలా మోయాలో చూపించారు. వాళ్ల పని చూస్తే గౌరవం కలిగింది. చెట్టు కోసే మిషన్ పట్టుకునే తీరులోనే అనుభవం తెలిసిపోతుంది.

నా బాధ వేరే. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది, అయిపోయాక ఇళ్లకు వెళ్లిపోయింది. సాయంత్రం మా పక్కింటి మామ్మను అడిగాను, అర్ధరాత్రి సైరన్ మోగితే ఎక్కడికెళ్తావని. "ఏటి తెలుసు బాబూ, ఎవులైనా తీసుకెళ్తే ఎల్తాను" అంది. ఆవిడ కొడుకులిద్దరూ గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉన్నారు. మా వీధిలో సగం ఇళ్లు అంతే. వేట సీజన్‌లో ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు.

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న రాత్రి ఏడున్నర తర్వాత కళింగపట్నానికి ఉత్తరంగా దాటింది. రెండూ చీకట్లోనే వచ్చాయి. డ్రిల్ మాత్రం పగలు పదకొండు గంటలకు పెట్టారు. వచ్చే డ్రిల్ ఎలా ఉండాలో మండలాఫీసుకు ఒక అర్జీ ఇద్దామని మా కుర్రాళ్లం అనుకుంటున్నాం. అందులో ఏం రాయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టెక్కలి రెవెన్యూ (రిటైర్డ్)

మంచి పని తమ్ముడూ. అర్జీ రాసేముందు అసలు డ్రిల్ ఎవరి కోసం పెడతారో తెలుసుకుంటే, ఏది అడగాలో మీకే తెలుస్తుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి టేబుల్ టాప్. కలెక్టరేట్‌లో అన్ని శాఖలవాళ్లూ కూర్చుంటారు. "ఇప్పుడు గాలి వంద దాటింది, హైవే మీద చెట్లు పడ్డాయి, కరెంటు శాఖ ఏం చేస్తుంది?" అని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతారు. ఎవరి దగ్గర ఏముంది, ఎవరి దగ్గర ఏం లేదు అనేది అక్కడే బయటపడుతుంది. రెండోది మీరు చూసిన మాక్ డ్రిల్. అందులో ప్రధానంగా పరీక్షించేది అధికారులనే. కంట్రోల్ రూమ్ నుంచి కబురు మండలానికి, అక్కడి నుంచి ఊరి సచివాలయానికి ఎంతసేపట్లో చేరింది, అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో వచ్చింది, ఇవి రాసుకుంటారు. అయిపోయాక సమీక్ష పెడతారు. ఊరివాళ్లు ఆ సమీక్షలో కూర్చోవడం నేను అరుదుగా చూశాను. అర్జీలో ముందు ఇది అడగండి. సమీక్షకు ఊరి నుంచి కొందరిని పిలవాలి, అందులో ఆడవాళ్లు ఉండాలి.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటేటా సరిచూడాలి. మీ ఊరి గురించి అందులో ఏం రాశారో చూపించమని అడగడం తప్పేమీ కాదు. ఏ వీధివాళ్లు ఏ భవనానికి వెళ్లాలి, దాని తాళం ఎవరి దగ్గర ఉంది, అక్కడ ఎంతమంది పడతారు. ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఎన్ని బోట్లు తెచ్చి చూపించినా మీ మామ్మకు ఉపయోగం లేదు.

కళింగపట్నం కుర్రాడు

సార్, ఒక డౌట్. టీవీలో "కళింగపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వేస్తారు. మా నాన్నతో సహా ఇక్కడ చాలామంది నంబరు పెరిగేకొద్దీ గాలి పెరుగుతుందనే అనుకుంటారు. అది నిజమేనా?

టెక్కలి రెవెన్యూ

కొంతవరకే నిజం బాబూ. ఒకటి, రెండు అంటే తుఫాను దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే మన రేవుకే గాలి ముప్పు ఉంది. ఐదు, ఆరు, ఏడు మూడూ ప్రమాద సూచికలే. వాటి మధ్య తేడా గాలి బలంలో లేదు, తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుందనే దానిలో ఉంది. ఏడు అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అలాగే, కాకపోతే అవి తీవ్ర తుఫానుకు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అందుకే "ఐదే కదా, ఏడు వచ్చాక చూద్దాం" అనుకోకూడదు. ఇవి ఓడలకూ బోట్లకూ పెట్టిన గుర్తులు. ఊరి జనం చూడాల్సింది వాతావరణ శాఖ బులెటిన్. 72 గంటల ముందు తొలి సమాచారం, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటే 12 గంటల ముందు ఇంకొకటి వస్తాయి.

సోంపేట సిస్టర్

నేను డయాలసిస్ విభాగంలో నర్సుగా చేస్తున్నాను. ఎక్కడ అన్నది రాయను. ఈ చర్చలో మా పేషెంట్ల మాట రాకపోతే అన్యాయం అవుతుంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు మిషన్ ఎక్కకపోతే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఒక్క సెషన్‌కు శుద్ధి చేసిన నీళ్లు నూట ఇరవై లీటర్ల దాకా కావాలి. కరెంటు ఉండాలి. తిత్లీ తర్వాత కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోయి, కరెంటు లేక, ఫోన్లు మూగబోయి ఎలా ఉందో మీ అందరికీ గుర్తే. ఇళ్లలో ఉన్న పేషెంట్లు సెంటర్‌కు రాలేరు, వచ్చినా జనరేటర్‌లో డీజిల్ ఎంతసేపు ఉంటుందో చెప్పలేం.

డ్రిల్‌లో ఇది ఒక సన్నివేశంగా పెట్టాలి. 48 గంటల ముందు అలర్ట్ వచ్చింది అనుకుందాం. ఆ మండలంలో ఎవరెవరికి రేపు, ఎల్లుండి డయాలసిస్ ఉందో ఏఎన్‌ఎం దగ్గర జాబితా ఉండాలి. వాళ్లను ముందురోజే పిలిపించి సెషన్ పూర్తి చేసి పంపించేయొచ్చు. బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లను ఆస్పత్రి దగ్గరలోనే ఉంచుకోవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. షిఫ్టులు పెంచుకోవడం, ఫోన్లు చేయడం, ఒక వ్యాను. డ్రిల్ రోజున ఆ ఫోన్లు నిజంగా చేసి చూడాలి. సగం నంబర్లు పనిచేయకపోతే ఆ రోజే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. తుఫాను వెళ్లిపోయాక మంచినీళ్లు ఉండవు, ఊరినిండా రాలిన కొబ్బరికాయలు ఉంటాయి. అందరూ కొబ్బరినీళ్లు తాగుతారు. మామూలు మనిషికి మంచిదే. డయాలసిస్ పేషెంట్‌కు అది విషంతో సమానం, అందులో పొటాషియం అంత ఎక్కువ. షెల్టర్‌లో ఎవరో జాలిపడి బొండాం కొట్టి ఇస్తారు, దాహంతో ఉన్న మనిషి తాగేస్తాడు. అరటిపండు కూడా అంతే. సెషన్ ఆలస్యమయ్యేలా ఉంటే నీళ్లు కొలిచి తాగాలి, ఉప్పు, పచ్చళ్లు మానేయాలి. ఈ మాటలు షెల్టర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ప్రతి పేషెంట్ ఇంట్లో ఒక కాగితం పాలిథిన్ కవర్‌లో ఉండాలి. డయాలసిస్ రోజులు, ఉండాల్సిన బరువు, వాడే మందులు, ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఏ చేతికి ఉంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, ఇంజెక్షన్ చేయకూడదు. సహాయానికి వచ్చే బయటి జిల్లా డాక్టర్‌కు ఆ సంగతి తెలియాలి కదా.

ఉద్దానం గాలి

అప్పా, కొబ్బరినీళ్ల సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మా బాబాయి డయాలసిస్ మీదే ఉన్నారు. ఇది అర్జీలో మొదటి పేజీలోనే రాస్తాం.

పలాస జీడి

నాకు కొంచెం వేరే అభిప్రాయం ఉంది, కోపగించుకోవద్దు. జనం డ్రిల్‌ను, హెచ్చరికలను పట్టించుకోకపోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు. 2021 డిసెంబర్‌లో జవాద్ తుఫాను వస్తుందని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో వేల మందిని షెల్టర్లకు తరలించారు. అది తీరానికి రాకముందే సముద్రంలో బలహీనపడిపోయింది. ఇల్లు, పశువులు వదిలేసి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి "ఇంకోసారి వెళ్లం" అన్నారు. పైగా కూలి పోయింది. సైరన్లు ఎక్కువ మోగిస్తే అసలు రోజున ఎవరూ కదలరని నా భయం. 2025 మే 7న దేశమంతా సివిల్ డిఫెన్స్ డ్రిల్ పెట్టినప్పుడు విశాఖలోనే జరుగుతుందని చెప్పినా, మా దగ్గర వాట్సాప్‌లో కరెంటు తీసేస్తారని, పెట్రోలు దొరకదని పుకార్లు తిరిగాయి. మా అమ్మకు ఆ రాత్రంతా టెన్షనే.

టెక్కలి రెవెన్యూ

మీరు చెప్పింది కాదనలేను. కానీ 1999లో ఒడిశాలో సూపర్ సైక్లోన్‌కు దాదాపు పది వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ మనకు పక్కనే గోపాల్‌పూర్ దగ్గర దాటింది, చాలా బలమైన తుఫాను. లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి మరణాలు రెండంకెల్లోనే ఆగాయి. ఆ పద్నాలుగేళ్లలో మారింది గాలి బలం కాదు, జనం ముందే కదలడం. తుఫాను దారి రెండు రోజుల ముందు కచ్చితంగా చెప్పలేరు, అందుకే కొన్నిసార్లు అనవసరంగా కదలాల్సి వస్తుంది. దాన్ని జనానికి దాచకుండా ముందే చెప్పాలి. "రావచ్చు, రాకపోవచ్చు, వస్తే మాత్రం ఈ వీధి ఉండదు" అని చెబితే మనిషి అర్థం చేసుకుంటాడు.

కూలి, పశువుల సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నేను చూసినంతలో మగవాళ్లు ఇల్లు కదలకపోవడానికి పెద్ద కారణం గేదెలే. తరలింపు ప్రణాళికలో పశువులకు చోటు చూపించకపోతే మనిషి రాడు. కనీసం పలుపు విప్పి వదిలేయాలన్నది డ్రిల్‌లో చెప్పాలి. కట్టేసి ఉన్న పశువులే ఎక్కువ చనిపోతాయి.

పైడిభీమవరం షిఫ్టు

మా ఏరియాలో భయం తుఫాను కన్నా గ్యాస్. ఫార్మా కంపెనీలు చాలా ఉన్నాయి. 1989 రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ లోపల ఆరు నెలలకోసారి డ్రిల్ చేయాలి, బయటి ఊళ్లకు సంబంధించిన ప్రణాళికను ఏడాదికోసారి రిహార్సల్ చేయాలి. లోపలి డ్రిల్‌లో నేనే పాల్గొంటాను. అసెంబ్లీ పాయింట్‌కు వెళ్లి హాజరు వేయించుకుంటాం. గోడకు అవతల ఊళ్లో మా అమ్మానాన్నలకు ఆ సైరన్‌కు అర్థం ఏంటో తెలియదు. షిఫ్టు మారే సైరనో, డ్రిల్ సైరనో, నిజమైనదో తేడా ఎవరూ చెప్పలేదు.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు వచ్చినప్పుడు జనం నిద్రలోంచి లేచి ఎటుపడితే అటు పరిగెత్తారు, రోడ్ల మీదే పడిపోయారు. గ్యాస్ లీకైతే ముందు గాలి ఎటు వీస్తుందో చూడాలి. గాలి వెంట పరిగెత్తకూడదు, గాలికి అడ్డంగా పక్కకు వెళ్లాలి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలి. బయటకు వెళ్లే వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు పెట్టుకోవాలి. ఊరి మధ్యలో ఎత్తుగా, గాలి ఎటు వీస్తుందో చూపే ఒక గాలిగొట్టం గుడ్డ కట్టాలని అర్జీ ఇవ్వండి, మా రణస్థలం వైపు నుంచి మేమూ ఇస్తాం.

విజీనగరం టీచర్

పూసపాటిరేగ తీరం వైపు బడిలో పనిచేస్తున్నాను. రెండు మాటలు.

బడిలో పిల్లలకు నేర్పితే ఇంటికి చేరుతుంది. మేము గుర్తున్నప్పుడల్లా బెల్లు కొట్టి భూకంపం డ్రిల్ చేయిస్తాం. బల్ల కిందకు దూరి తల కాపాడుకోవడం, తర్వాత వరసగా గ్రౌండ్‌లోకి రావడం. చక్రాల కుర్చీలో ఉన్న అబ్బాయిని ఎవరు తీసుకురావాలో పిల్లలే నిర్ణయించుకున్నారు. ఆ ఇద్దరూ సెలవు పెడితే ఎవరు అన్నది కూడా వాళ్లే ఆలోచించారు. పెద్దవాళ్ల డ్రిల్‌లో ఇంత వివరంగా ఎవరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు.

రెండోది సునామీ. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం నడుపుతోంది. హిందూ మహాసముద్రం దేశాలన్నీ కలిసి ఐఓవేవ్ పేరుతో రెండు మూడేళ్లకోసారి డ్రిల్ చేస్తాయి. మనకు దగ్గర్లోనే ఒడిశాలో గంజాం జిల్లాలో వెంకట్రాయ్‌పూర్ అనే మత్స్యకారుల ఊరు, జగత్‌సింగ్‌పూర్‌లో నోలియాసాహి 2020లోనే యునెస్కో నుంచి "సునామీకి సిద్ధం" అన్న గుర్తింపు తెచ్చుకున్నాయి. ఆ గుర్తింపు రావాలంటే ఊళ్లో ఏ దారిన పరిగెత్తాలో మ్యాపు ఉండాలి, దారి పొడవునా బోర్డులు ఉండాలి, ఊరి కమిటీ ఉండాలి, డ్రిల్‌లో జనం స్వయంగా నడవాలి. గంజాం తీరంలో చాలామంది మత్స్యకారులు ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, మనవాళ్లకు వాళ్లతో చుట్టరికాలున్నాయి. ఒక బస్సు కట్టించుకుని వెళ్లి వాళ్ల ఊరు చూసొస్తే ఎన్ని పుస్తకాలు చదివినా రానంత తెలుస్తుంది.

సుమత్రా వైపు నుంచి అల మనకు చేరడానికి రెండున్నర గంటలు పడుతుంది. సమయం ఉంటుంది, దారి తెలిసి ఉంటే.

కాశీబుగ్గ నుంచి

గుళ్లలో జనం తొక్కిసలాట గురించి కూడా డ్రిల్ ఉండాలి. 2025 నవంబర్ 1న మా ఊరి గుళ్లో జరిగిన తొక్కిసలాట ఇంకా మా కళ్లముందే ఉంది.

విజీనగరం టీచర్

తప్పకుండా ఉండాలండి. మాకు సిరిమాను ఉత్సవం, మీకు అరసవల్లి రథసప్తమి, ఇలా ముందే తేదీ తెలిసిన జనసందోహాలు చాలా ఉన్నాయి. లోపలికి ఒక దారి, బయటకు వేరే దారి అన్నదే అక్కడ ప్రాణం. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, నేనూ వస్తాను. ఒకే అర్జీలో అన్నీ రాస్తే ఏదీ జరగదు.

గొట్టా కాలువ (హిరమండలం)

తీరం వాళ్లే మాట్లాడుతున్నారు, ఏటిగట్టు వాళ్లం కూడా ఉన్నాం. తిత్లీ గాలి మా దగ్గర తగ్గిపోయాక "గండం గడిచింది" అనుకున్నాం. తర్వాత ఒడిశా కొండల్లో కురిసిన వానంతా వంశధారలోకి దిగింది. నాగావళి కూడా అంతే, రెండు నదులూ ఒడిశాలోనే పుడతాయి. ఇక్కడ ఆకాశం తెరిపిచ్చి ఎండ కాస్తున్నా ఏరు పెరుగుతూ ఉంటుంది. డ్రిల్స్ అన్నీ గాలి రోజుతో ఆపేస్తారు. రెండో రోజు, మూడో రోజు డ్రిల్ మాకు కావాలి. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారన్న కబురు దిగువ ఊళ్లకు ఎలా వస్తుంది? సెల్ టవర్లు పడిపోతే ఎవరు చెబుతారు? మా ఊళ్లో ఇప్పటికీ టముకే నమ్మకం. గుడి మైకు, చర్చి మైకు బ్యాటరీ మీద నడిచేలా పెట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

సవర కొండ (మందస)

సెల్ ఫోన్‌కు ప్రభుత్వం పంపే గట్టి బీప్ అలర్ట్ 2023లో టెస్ట్ చేసినప్పుడు మా తమ్ముడి ఫోన్‌కు వచ్చింది. ఇంటర్నెట్ లేకపోయినా, టవర్ పరిధిలో ఉంటే చాలు. మా పై గూడేల్లో టవరే అందదు. అక్కడికి మనిషే వెళ్లి చెప్పాలి, అదీ సవర భాషలో చెప్పాలి. తిత్లీ రోజునే పక్కన గజపతి జిల్లా బరఘరాలో కొండచరియ విరిగిపడింది. వానకు తలదాచుకోవడానికి గుహలో చేరినవాళ్లు అందులోనే పోయారు. కొండ కింద, వాగు ఒడ్డున ఉండకూడదని మా పెద్దలకు తెలుసు. కానీ అంత వానలో మరి ఎక్కడ ఉండాలో ఏ డ్రిల్ చూపించలేదు. మా వైపు డ్రిల్ అసలు పెట్టలేదు.

పలాస జీడి

ఇవన్నీ చదివాక నా అభ్యంతరం కొంత తగ్గింది. ఒకటి మాత్రం అర్జీలో ఉండాలి. డ్రిల్ తేదీ, సమయం రెండు రోజుల ముందే టముకు వేసి చెప్పాలి, సైరన్ మోగించేటప్పుడు "ఇది సాధన మాత్రమే" అని మైకులో పదేపదే చెప్పాలి. అప్పుడు పుకార్లకు చోటుండదు. రాత్రి డ్రిల్ అయితే మరీ జాగ్రత్త. ఆడవాళ్లు షెల్టర్‌కు రావాలంటే అక్కడ లైటు, తలుపు ఉన్న బాత్రూమ్ ఉండాలి. మా అత్తగారు తిత్లీ రాత్రి షెల్టర్‌కు రాననడానికి కారణం అదే.

ఉద్దానం గాలి

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటిదాకా రాసుకున్నది ఇది. డ్రిల్ సూర్యాస్తమయం తర్వాత జరగాలి. కనీసం ఒక వీధివాళ్లు ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను తీసుకుని షెల్టర్ దాకా నిజంగా నడవాలి, ఎంతసేపు పట్టిందో చూడాలి. వేటకు వలస వెళ్లినవాళ్ల ఇళ్లకు తోడుగా ఎవరు వెళ్తారో ముందే పేర్లు రాయాలి. షెల్టర్ తాళం రెండు చోట్ల ఉండాలి. డయాలసిస్ జాబితా, ముందస్తు సెషన్లు, కొబ్బరినీళ్ల హెచ్చరిక. పశువులకు మెరక స్థలం. గాలి వెళ్లాక వరద కబురు. సమీక్షలో ఊరివాళ్లు. ఊరికి రెండు చెట్టు కోసే మిషన్లు, వాటిని వాడటం వచ్చిన కుర్రాళ్లు. తిత్లీ తర్వాత దారి తెరిచింది ఊళ్లవాళ్లే, గొడ్డళ్లతో. విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకు ఇచ్చే ఆపద మిత్ర శిక్షణ మాకూ ఇస్తే మేము పేర్లు ఇవ్వడానికి సిద్ధం.

సోంపేట సిస్టర్

ఇన్సులిన్ వాడేవాళ్లను, నెలలు నిండిన గర్భిణులను కూడా జాబితాలో చేర్చు తమ్ముడూ. కాన్పు దగ్గరపడ్డవాళ్లను 48 గంటల ముందే ఆస్పత్రికి చేర్చాలి. 108 రాలేని రోజు అది.

టెక్కలి రెవెన్యూ

అర్జీ తహసీల్దార్‌కు ఒక్కరికే ఇవ్వొద్దు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు. ఇద్దరి పేరునా రాసి, ప్రతులు ఎంపీడీఓకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు, మత్స్యశాఖకు ఇవ్వండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు వేసి రశీదు ఇస్తారు, అది దాచుకోండి. వానాకాలం ముందే ఇవ్వండి, అక్టోబర్ దాకా ఆగితే ఎవరికీ తీరిక ఉండదు.

ఇచ్ఛాపురం బాహుదా

మా వైపు సగం ఊళ్లలో ఒడియా మాట్లాడతారు. షెల్టర్ గోడ మీద రాయించే మాటలు ఖరారయ్యాక ఇక్కడ పెట్టండి, ఒడియాలో నేను రాసిస్తాను. సవర లిపిలో రాయగలవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సవర కొండ

మా బడి మాస్టారు రాస్తారు. కానీ పెద్దవాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ. మాటలు పంపండి, ఆయన చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి తెస్తాను. సంత రోజున మైకులో వేయొచ్చు.